ఎంటికల చౌడప్ప గొంతు

“సంచి నిండా ఆడోళ్ళ ఎంటికలుండాయి గదన్నా! ఇంతకంటే ఏం సాక్ష్యం గావల్ల నీకు?”

“ఎంటికలు కొనేటోని సంచిలో ఎంటికలు గాక శెనక్కాయలుంటాయారా? అందులో సగం మీ అమ్మ ఇచ్చిందే.”

“మా అమ్మ పేరెత్తొద్దు. మా అన్న కూతుర్ని పిలిచినాడు వాడు. బత్తలపల్లెకు రమ్మని పిలిచినాడు. వీధి వీధంతా ఇన్నారు.”

“పిలిచినాడో, కబురే చెప్పినాడో కనుక్కోవాల్నా వద్దా?”

“కనుక్కునేదేముండాది? నాలుగు తగిలిస్తే వాడే కక్కుతాడు.”

“ఓరే జయరామూ, తాళం నా మొలతాడుకుండాది. నా మీద చెయ్యేసి తీసుకుంటావా, తీస్కో.”

మూసిన తలుపుకు ఇవతల, నేల మీద కూచోని చౌడప్ప ఇదంతా వింటా ఉన్నాడు. బయట కొట్లాట తన గురించే. తనను తన్నాల్నా, ఇంకొంచెం సేపు ఆగి తన్నాల్నా అని.

అది మూతపడిన పాల కేంద్రం గది. గడ్డి లేక ఊళ్ళో ఎనుముల్ని సంతకు తోలేసినంక దానికి పని లేకుండా పోయింది. ఒక తలుపు, ఊచల కిటికీ ఒకటి, మూలన బోర్లించిన క్యాన్లు, పైన సిమెంటు రేకు. పాలు పోయినా పులిసిన వాసన మాత్రం గోడల్లోనే ఉండిపోయింది. ఎండ ఎక్కేకొద్దీ ఆ వాసన కూడా లేచి కూచుంటా ఉంది.

బయట గొంతులు రెండూ చౌడప్పకు తెలిసినవే. తన్నాలంటున్నవాడు జయరాం, ఓబులమ్మ చిన్నకొడుకు. వద్దంటున్నవాడు వెంకటరాముడు. పాల కేంద్రం పక్కన అంగడి ఆయనదే, ఆ అంగట్లో దుడ్లిచ్చి మాట్లాడే ఫోనూ ఆయనదే. కేంద్రం నడిచినన్నాళ్ళు సెక్రెటరీగా ఉన్నాడు కాబట్టి తాళం కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది.

చౌడప్ప నోరు తెరిచి చెప్పుకోవచ్చు. పొద్దున్నుంచీ చెప్పుకునే చూసినాడు. నోరు తెరిచిన ప్రతిసారీ “అదే గొంతు, అదే గొంతు” అని ఆడోళ్ళు వెనక్కి జరుగుతా ఉన్నారు, వయసు పిల్లోళ్ళు ముందుకు జరుగుతా ఉన్నారు. తన నిజం తను చెప్పుకోవాలంటే అతనికున్నది ఆ గొంతొక్కటే. దాంతోనే వచ్చింది చిక్కంతా. అందుకే నోరు మూసుకొని, మోకాళ్ళు దగ్గరికి లాక్కొని కూచున్నాడు.

చౌడప్పది కొత్తచెరువు. ఎంటికలు కొంటాడు. ఇదేం పని అనేవాళ్ళు టౌన్లలో ఉంటారేమో గానీ పల్లెల్లో ఉండరు. ఆడోళ్ళు తల దువ్వుకున్నప్పుడు దువ్వెనకొచ్చిన చిక్కును పారెయ్యరు. ఉండ చుట్టి గోడ సందులోనో, చూరు కిందో దోపుతారు. నెలకో రెండు నెలలకో ఎంటికలోడు వస్తాడు. పెద్ద ఉండలిచ్చిన అమ్మలకు స్టీలు గిన్నె. చిన్న ఉండలు తెచ్చిన పిల్లోళ్ళకు బుడగో, పీచుమిఠాయో. ఆ చిక్కంతా యాడికో పోయి ఎవరి తల మీదనో సవరమయి కూచుంటాది.

ఈ యాపారానికి పెట్టుబడి సైకిలూ కాదు, గిన్నెలూ కాదు. కేక. వీధి మొగదలలో కేకేస్తే చివరింట్లో రొట్టె తట్టే ఆడమనిషికి వినపడాల. వినపడాలే గానీ విసుగు పుట్టకూడదు. “సిక్కెంటికలకూ... స్టీలు గిన్నెలమ్మోవ్... రాండి పాపా రాండీ...” అని చౌడప్ప పిలిస్తే బెల్లం పాకం తీగె సాగినట్లుండేది. తల్లుల కంటే ముందు పిల్లోళ్ళు ఉరికొచ్చేవాళ్ళు. ఏ పిల్లకు యా రంగు బుడగ ఇష్టమో అతనికి తెలుసు. యా ఇంట్లో కొత్త కోడలొచ్చిందో, యా ఇంట్లో అవ్వ తల నెరిసిందో ఉండ విప్పి చూసి చెప్పేవాడు.

ఆ కేకే గిరి చెవిన పడింది.

గిరిది ధర్మవరం. డిగ్రీ రెండో ఏట కాలేజీ మానేసినాడు. ఎందుకు మానేస్తివి అంటే “బోరు కొట్టె” అంటాడు. ఇంకో మాట అడిగితే లేచిపోతాడు. యాడా కుదురుగా కూచోడు గానీ, అనంతపురం రేడియోకు నాటకాలు రాయమంటే మాత్రం కూచునేవాడు. అది రెండువేల మూడు. వానలు వరసబెట్టి ఎగ్గొట్టినాయి. మొగోళ్ళు బెంగుళూరుకు ఇండ్లు కట్టే బేల్దారి పనులకు పోయినారు, కొందరు పెండ్లాలనూ పిల్చుకపోయినారు, ఇండ్లల్లో అవ్వలూ పిల్లోళ్ళూ మిగిలినారు. అదను చూసి తెల్లచొక్కాలోళ్ళు దిగినారు. “మీ నాయన సైటు మీదినుంచి పడినాడు పాపా, నిన్ను చూడల్లంటాండాడు” అని పిల్చుకపోయినారు. పోయిన పిల్లల్లో కొందరు తిరిగొచ్చినారు. కొందరు రాలేదు. రేడియోవాళ్ళు దీని మీద వారం వారం నాటకం వెయ్యాలనుకొని ‘మన పాప మన ఇంట్లో’ అని పేరు పెట్టి, రాసే పని గిరికి ఇచ్చినారు.

అంతా కుదిరింది, పిల్లల దొంగ వేషానికే మనిషి కుదరలేదు. స్టేజీ మీద ఆడి ఆడి అలవాటైనోళ్ళు వచ్చి మైకు ముందర గర్జించినారు. గిరికి ఒళ్ళు మండింది. “పిల్లల్నెత్తుకపోయేటోడు ఎవడన్నా ఇట్ల అరుస్తాడాన్నా? అరిస్తే ఆ పిల్లలు వీని ఎనక యాల పోతారు?” అని మొగం మీదనే అనేసి, తగూ పెట్టుకొని ఇంటికొచ్చినాడు. మర్నాడు పొద్దున సందులో బెల్లం పాకం లాంటి కేక వినపడింది. లుంగీ ఎగ్గట్టుకొని ఉరికినాడు.

“అన్నా, ‘మీ నాయన పంపినాడు పాపా నన్ను’ అని ఒక్కసారి అను.”

“యా పాపతో?”

“పాపా లేదు గీపా లేదు. ఊరికే అను.”

చౌడప్ప అన్నాడు. గిరి చేతి మీద రోమాలు నిక్కినాయి.

రేడియో నాటకంలో దొంగ మాటలు చెప్పమన్నారని ఇంటికి పోయి చెప్తే చౌడప్ప పెండ్లాం రామాంజినమ్మ పడీపడీ నవ్వింది. “ఊరూరూ తిరిగి అరిచే నోరు ఒకచోట కూచోని అరిస్తే నొప్పా? పో.” చౌడప్పకూ సరదాగానే ఉండె. చల్లటి గది, గాజు అద్దం అవతల మనుషులు తన మాట కోసం చెవులు నిక్కించుకొని కూచుండేది, పుట్టినప్పట్నుంచీ అతని గొంతుకు అంత మర్యాద ఎవరిచ్చినారు?

నాటకంలో అతని పేరు రత్నం. మొదటి వారమే రాధమ్మ అనే ఆమె కూతుర్ని పిల్చుకపోతాడు, తల్లీ ఒక పోలీసోడూ ఆ పిల్ల కోసం వెదుకుతానే ఉంటారు. వారం వారం ఒక ఊళ్ళో దిగుతాడు. ఒంటరిగా ఉన్న పాపను చూసి “మీ నాయన పంపినాడు పాపా నన్ను” అంటాడు. పాప “అయితే గుర్తుమాట చెప్పు” అంటుంది. గుర్తుమాటంటే నాయనా బిడ్డా ముందే అనుకొని పెట్టుకునే మాట. మూడో మనిషికి చెప్పకూడదు. ఇంటినుంచి నిజంగా ఎవర్నన్నా పంపితే ఆ మాట చెప్పి పంపాల. రత్నానికి అది తెలీదు. నసుగుతాడు, గౌను చూపిస్తాడు, మిఠాయి చూపిస్తాడు. పాప గట్టిగా అరిచి పక్కింటి గడపెక్కి నిలబడుతుంది. జనం వస్తారు, రత్నం పారిపోతాడు, వచ్చే వారం ఇంకో ఊళ్ళో తేల్తాడు. మగ్గాల గుంతల్లో నేతగాళ్ళూ విన్నారు, బండల మీద కూచోని కాయలు ఒలిచే ఆడోళ్ళూ విన్నారు. నాటకం బాగా పట్టింది.

ఎంత బాగా పట్టిందంటే చౌడప్ప యాపారం పడిపోయింది.

మొదట్లో టీ అంగళ్ళలో “ఓ చౌడన్నా, ఆ మాట అనన్నా” అని అడిగి మరీ అనిపించుకునేవాళ్ళు. ఆ నవ్వులు శానా రోజులు నిలబళ్ళేదు. కేకెయ్యంగానే పిల్లోళ్ళు ఉరికొచ్చేది పోయి, ఉరికిపోయేది మొదలయింది. తలుపులు పడేవి. ఒక తల్లి అతని ఎదురుంగానే “తింటావా, రత్నాన్ని పిలిచేదా?” అని కొడుకును బెదిరించి, ఏమనుకోవాకన్నా అన్నట్లు అతని పక్క చూసి నవ్వింది. అది నాటకమని అందరికీ తెలుసు. తెలిసినా వీపు జలదరిస్తే ఎవరేం చేస్తారు? చౌడప్ప గొంతు బొంగురు చేసి కేకేసినాడు. “రత్నానికి జలుబు చేసిందే” అన్నారు. కేక మానేసి గంట కొట్టినాడు. ఐసుఫ్రూటనుకొని వచ్చిన పిల్లోళ్ళు ఎంటికల సంచి చూసి తిట్టిపోయినారు. కేకా గంటా రెండూ లేకుండా వీధిలో ఊరికే నిలబడితే, అది ఇంకా అనుమానం.

“మానేస్తానే ఆ నాటకం” అన్నాడొకరోజు పెండ్లాంతో.

“మానేస్తే గొంతు మారుతాదా?” అనింది రామాంజినమ్మ. ఈసారి నవ్వలేదు.

ఇదీ అతని కత. ఇంక పొద్దున జరిగింది.

నిన్న సాయంత్రం ధర్మవరం రైలు స్టేషన్ బయట ఓబిలేష్ ఎదురుపడినాడు. ఓబిలేష్ జయరాంకు అన్న, ఈ గొల్లగుట్టపల్లె వాడే. పెండ్లాంతో పాటు బెంగుళూరులో బేల్దారి. మేస్త్రి పంపితే కూలోళ్ళ కోసం వచ్చి, ఊరికి పోయేంత పొద్దు లేక సాయంత్రం రైలుకే తిరిగిపోతా ఉన్నాడు.

“చౌడన్నా, రేపు యా పక్క పోతాండావ్?”

“మీ పక్కే.”

“అయితే ఈ గౌను మా హేమకియ్యన్నా. శుక్రవారం నేను బత్తలపల్లెకొస్తా, అమ్మ కన్ను డాక్టరుకు చూపియ్యాల. అమ్మనూ పాపనూ బస్టాండు కాడికి రమ్మని చెప్పు.”

కబుర్లు మొయ్యడం ఎంటికలోని పనిలో ఒక భాగం. అతను ఎప్పుడూ కాదనలేదు. రైలు కూసింది, ఓబిలేష్ ఉరికినాడు. గుర్తుమాట ఏందని చౌడప్ప అడగలేదు. ఆ మాట చెప్పలేకనే వారం వారం మైకు ముందర దొరికిపోతా ఉన్న మనిషికి, తనకు నిజంగా పని పడినప్పుడు అది తోచనే లేదు. మనసులో దొంగతనముంటే గదా తోచేది.

పొద్దున గొల్లగుట్టపల్లె బోరింగు కాడ హేమావతి ఒక్కతే బిందె పెట్టుకొని కొడతా ఉంది. తొమ్మిదేండ్ల పిల్ల. ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ ఎరుగుదు చౌడప్ప. కేకేస్తే జడుసుకుంటాదేమోనని కేక కూడా వెయ్యకుండా మెల్లగా సైకిలు దిగి దగ్గరికి పోయినాడు.

“పాపా, మీ నాయన పంపినాడు నన్ను.”

నోట్లోంచి వచ్చినంక గానీ ఆ మాట అతనికి వినపళ్ళేదు. హేమావతి బోరింగు కొట్టేది ఆపేసింది. కండ్లు తిప్పకుండా అతన్నే చూసింది.

“గుర్తుమాట చెప్పు.”

“హేమా, నేనమ్మా, ఎంటికల తాతను.”

“గుర్తుమాట చెప్పు.”

“ఇదో, మీ నాయన గౌనిచ్చినాడు సూడు. శుక్రవారం బత్తలపల్లెకు...”

చెప్పేకొద్దీ ఊబిలో దిగినట్లయింది. గౌను కూడా నాటకంలో ఉన్నదే. పిల్ల అరిచింది. నాటకంలో పాప కంటే బాగా అరిచింది. బిందె తన్నేసి ఉరికి పక్కింటి గడపెక్కి నిలబడింది. రేడియో ఏమేం చెయ్యమనిందో అన్నీ చేసింది, ఒక్కటి మరిచిపోలేదు. జనం మూగినారు. చౌడప్ప చొక్కా చంక కాడికి చినిగింది. ఎవరో సైకిలు పడదోసినారు, గిన్నెలు వీధంతా దొర్లినాయి. ఇంకొక దెబ్బ పడేలోపల వెంకటరాముడు అడ్డమొచ్చి, రెక్క పట్టుకొని లాక్కపోయి ఈ గదిలో తోసి తాళమేసినాడు. అది కాపాడడమో, కట్టేయడమో చౌడప్పకు ఇప్పటిదాకా తేలలేదు.

వెంకటరాముడు ఫోన్ల మీద ఫోన్లు చేసినాడు. ఓబిలేష్ పని చేసే సైటు ఎదురుగా ఒక టీ అంగడుంది. ఆ అంగడాయన కన్నడంలో, పని దిగినంక సాయంత్రం ఓబిలేష్‌తోనే చేయిస్తానని చెప్పి పెట్టేసినాడు. చౌడప్ప నెంబరు చెప్తే గిరి సందులో ఎస్టీడీ బూతుకు కూడా చేసి కబురు పెట్టినాడు. ఇంక సాయంత్రం దాకా ఎదురు చూసేది తప్ప చేసేదేం లేదు.

రేకు కాగి గది పొయ్యిలాగా అయింది. చౌడప్పకు ఒకటే ఆలోచన. ఓబిలేష్ ఇయ్యాల వేరే సైటుకు పోయింటే? టీ అంగడాయన చెప్పడం మరిచిపోతే? రాత్రయితే తాళం వెంకటరాముని మొలతాడుకు ఉంటాదని ఏం నమ్మకం? కిటికీ ఊచలు పట్టుకొని పిల్లోళ్ళు వేలాడతా ఉన్నారు. “రత్నం! ఏయ్ రత్నం!” అంటారు. అతను తలెత్తితే కిందికి దూకి ఉరుకుతారు. మళ్ళా వస్తారు. వీళ్ళల్లో అతని చేతి బుడగ ఊదని పిల్లోడు లేడు.

మధ్యాన్నం కిటికీలోంచి స్టీలు గ్లాసొకటి లోపలికొచ్చింది. హేమావతి అవ్వ ఓబులమ్మ చెయ్యి.

“నీళ్ళు తాగు చౌడప్పా.”

“ఓబులక్కా, నువ్వన్నా చెప్పు. ఎన్నేండ్లుగా నీ ఎంటికలు నేనే గదా కొంటి.”

“కొన్నావులే. నల్లగున్నప్పుడూ కొన్నావు, తెల్లగయినంకా కొన్నావు.”

“మరి నేనట్లాంటోణ్ణా?”

“నాకు ఒక కన్ను పోయింది, రెండోది మసక. ఆ పిల్లను నేను చెవుల్తో కాస్తాండా. నువ్వు మంచోడివే అనుకుందాం. నీ గొంతింటే నా చెవులకు భయమయితాది. నేనేం జేద్దు చెప్పు?”

చౌడప్ప నీళ్ళు తాగి గ్లాసు ఊచల్లోంచి ఇచ్చినాడు. ఆమె చెయ్యి గ్లాసును అందుకొని గబుక్కున వెనక్కి పోయింది.

ఎండ వాలినంక టీవీఎస్ బండి చప్పుడయింది. బండి ఆగీ ఆగకముందే గిరి గొంతు వినపడింది. “ఏమప్పా, మనుషులేనా మీరు? ఆయప్పను లోపలేసి తాళమేస్తారా?”

“నువ్వెవరప్పా?”

“ఆ నాటకం రాసేటోణ్ణి.”

ఆ మాటతో కొట్లాట సల్లబడి, ఇంకోటి మొదలయింది. “నువ్వేనా? మరి ఆ రాధమ్మ కూతురు దొరుకుతాదా లేదా?” అని ఒక ఆడ గొంతు. “దొరికిచ్చెయ్యప్పా, ఆ తల్లి ఏడుపు ఇనలేకుండాం” అని ఇంకొకటి. “పోలీసోణ్ణి మరీ ఎర్రోని లెక్క రాస్తాండావ్ నువ్వు” అని ఎవరో మొగోడు. లోపల చౌడప్పకు ఏడవాల్నో నవ్వాల్నో తెలీలేదు. ఒక్కరన్నా తాళం మాట ఎత్తరే!

“కత తర్వాత చెప్తా. ముందు మనిషిని వదలండి. ఆయప్ప నోట్లో మాటలన్నీ నేను పెట్టినవి” అన్నాడు గిరి.

అప్పుడు జయరాం ముందుకొచ్చినాడు. “అది నాటకమని మాకు తెలీదనుకున్యావా? నిన్న మొన్న రేడియో చూసినోళ్ళం గాదు మేము. నేనడిగేది ఇను. వారం వారం పిల్లల్ని పిలిచి పిలిచి నోరు తిరిగినోడు, ఒకరోజు నిజంగానే పిల్చుకపోతే? అడ్డమెవరొస్తారు? రేడియోలో చౌడన్న లే అని దారిస్తారు గదా?”

దొంగకు అంత తెలివి గిరి తన నాటకంలో కూడా పెట్టలేదు.

“తెలిసినోడైనా సరే గుర్తుమాట అడగమని చెప్పింది నీ నాటకమే గదప్పా?”

“నా నాటకమే.”

“మరి?”

గిరి కిటికీ కాడికొచ్చి ఊచలు పట్టుకున్నాడు. “గుర్తుమాట ఎందుకడగలేదన్నా ఓబిలేష్‌ను? ఊరందరికీ నేర్పినోడివి నువ్వే గదా?”

“నువ్వు నాకు రాసిచ్చింది రత్నం మాటలు గదప్పా” అన్నాడు చౌడప్ప నేల చూస్తా. “నాయన మాటలు యాడ రాసిస్తివి?”

పొద్దు కుంకేటప్పుడు అంగట్లో ఫోను మోగింది. టీ అంగడాయన మరిచిపోలేదు. చౌడప్ప లేచి తలుపుకు చెవి ఆనించినాడు. జయరాం మాట్లాడతా ఉన్నాడు. “ఆ అన్నా... గౌనా? ఇచ్చినాడు... నువ్వే పంపితివా? నిజంగానా? నీ గొంతు సరిగా ఇనపడ్తాలేదు... ఎవరన్నా పక్కన నిలబడి బెదిరిస్తాండారా?” అవతలి మాట విని మళ్ళా జయరామే. “నాకు చెప్పొద్దు. పాపకు చెప్పు. పాప ఒప్పుకుంటే నేనొప్పుకుంటా.”

ఫోను పాప చేతికి పోయింది. పాపకు కోపమొచ్చో, ఓబిలేషే ఆ మాట మరిచిపోయో ఉంటే, ఈ రేకు కిందనే తెల్లారుతాది.

“ఊ” అనింది హేమావతి. కొంచెం సేపాగి “ఊ” అనింది. మళ్ళా “మా నాయనే. ఎంటికల తాతను మా నాయనే పంపినాడంట.”

“ఏమన్నాడు? ఏం మాట చెప్పినాడు?” అందరూ ఒకేసారి.

“చెప్తే ఇంగ అది గుర్తుమాట ఎట్లయితాది?”

“నేను చిన్నాయనను గదే, నాక్కూడా చెప్పవా?”

“చెప్పను.”

తాళం తీసినారు. వెలుతురుకు చౌడప్ప కండ్లు చిట్లించినాడు. జయరాం మొగం చూపించలేక తన చొక్కా ఒకటి తెచ్చి చేతిలో పెట్టి, “మనసులో పెట్టుకోవాకన్నా” అన్నాడు. “పెట్టుకోనులేప్పా, నా ఇంటి బిడ్డయితే నేనూ తంతాంటి” అన్నాడు చౌడప్ప. ఆ మాట నిజంగానే అన్నాడు. గిన్నెలు ఏరి తెచ్చినారు, సొట్టలు పడినవాటిని కూడా తుడిచి తెచ్చినారు. వెంకటరాముడు కాఫీ పోసినాడు. అందరూ మంచోళ్ళే. తప్పు ఎవరిమీద పెట్టాలన్నా మనిషి దొరకలేదు.

హేమావతి అవ్వ వెనకాల నిలబడి గౌను గుండెకు ఆనించుకొని ఉంది.

“సరిపోతాదా పాపా?” అని నోరు జారినాడు.

పిల్ల ఉలికిపడి అవ్వ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. నాయన పంపిన మనిషేనని ఊరందరి ముందరా చెప్పింది తనే. చెప్పినా చెయ్యి కుచ్చిళ్ళ మీదికి పోయింది. ఓబులమ్మ “పోయిరా చౌడప్పా” అనింది మర్యాదగానే.

సైకిలు నడిపించుకుంటా వీధి వెంబడి పోతా ఉంటే, ఇరుపక్కలా గోడ సందుల్లో ఎంటికల ఉండలు కనపడినాయి. మూడు నాలుగు నెలల చిక్కు, దుమ్ము పట్టి అట్లనే ఉంది. కేకేస్తే బయటికి రావల్సిన సరుకు. గొంతు దాకా వచ్చింది కేక. మింగేసినాడు.

ఊరు దాటి కాలవ మీది మోరీ కాడికొచ్చినంక గిరి బండి ఆపినాడు. చౌడప్ప సైకిలు దిగి కట్ట మీద కూచున్నాడు. గిరి కూచోలేదు. రాళ్ళు తంతా అటూ ఇటూ తిరుగుతా ఉన్నాడు.

“అన్నా, రత్నాన్ని సంపేస్తా. వచ్చే వారం లారీ కింద తోసేస్తా. పీడా పోతాది.”

“సంపొద్దు.”

“యాల?”

“సస్తే పిల్లోళ్ళు గుర్తుమాట అడిగేది మానేస్తారు. ఆ పాప ఎట్లడిగింది, ఎట్ల నిలబడింది? రెండుసార్లు అడిగె.”

“అయితే వేరే గొంతు పెడతా.”

“పెట్టు. పెడితే అది కొత్త రత్నమయితాది. నేను పాత రత్నాన్నే గదా?”

గిరి తిరిగేది ఆపి, మోరీ గోడను కాలితో తన్నినాడు. దెబ్బ కాలికే తగిలింది. చౌడప్ప ఎంటికల సంచి మూతి బిగించి కట్టి, ముడి సరిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసినాడు. జయరాం చొక్కా అతనికి వదులుగా ఉంది.

“రేపేం పనుండాది గిరీ నీకు?”

“నాకేం పనన్నా.”

“అనుకుంటిలే. పొద్దున్నే కొత్తచెరువుకు రా. పక్క పల్లెలకు పోదాం. సైకిలు నేను తోసుకుంటా, గిన్నెలు నేనిస్తా, తూకం నేనేస్తా, ఊళ్ళో ఉన్నంతసేపు నోరెత్తను. కేక మాత్రం నువ్వెయ్యప్పా. నీ గొంతు బాగుండదని నాకు తెలుసు. ఎట్లన్నా ఉండనీ. ఆడోళ్ళు తలుపు తీసేదాకా చాలు.”